నీళ్ళ దారి

జెల్లక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పరీక్షశాలలో పదకొండేళ్ళుగా జెల్ పోసేది ఆమె ఒక్కతే కాబట్టి ఎవరి నోట్లోంచో ఊడిపడింది, అతుక్కుపోయింది. హాజరు పట్టీలో ఉన్న అసలు పేరుతో పిలిస్తే ఆవిడే ఒక్క క్షణం ఆలోచించి పలుకుతుంది. టైర్ల కొట్టు మీద, రెండో అంతస్తులో, మూడు గదుల పరీక్షశాల అది. బయట ఇనుప మెట్లు. ఎవరు ఎక్కినా చెప్పుల చప్పుడు లోపలిదాకా వినిపిస్తుంది. పాలు, మాంసం, పిండి, ఏది కల్తీ అని అనుమానం వచ్చినా సీసాలో పోసి ఆ మెట్లెక్కిస్తారు.

జెల్ పోయడం చూడటానికి వంటపనిలాగే ఉంటుంది. సముద్రపు నాచులోంచి తీసిన అగరోజ్ అనే తెల్లపొడిని బఫర్ అనే ఉప్పుల ద్రావణంలో వేసి, నీళ్ళలా తేటగా అయ్యేదాకా మరిగించాలి. చెయ్యి పట్టేంత చల్లారాక, తరవాత వెలిగే రంగు ఒక చుక్క కలిపి పళ్ళెంలో పోయాలి. ఒక చివర దువ్వెన నిలబెట్టాలి. గడ్డకట్టాక దువ్వెన పైకి లాగితే పళ్ళున్న చోటల్లా వరసగా గుంటలు మిగులుతాయి. ఆ గుంటల్లో పోసినవి, కరెంటు పెట్టాక, వాటి వాటి దారిన తిన్నగా ముందుకు నడుస్తాయి. తొందరపడి లాగితే గుంట చిరుగుతుంది, ఒకరిది పక్కవాళ్ళ దారిలోకి పోతుంది. జెల్లక్క చేతిలో పదకొండేళ్ళలో చిరిగిన గుంటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, ఆ సంగతి అడగకపోయినా చెబుతుంది.

ప్రతి జెల్‌లోనూ ఆఖరి గుంట నీళ్ళది. పరీక్ష కోసం పాలకు ఏమేం మందులు కలుపుతారో అవన్నీ కలిపి, పాల బదులు వట్టి నీళ్ళు వేసి నడిపిస్తారు. ఆ దారిలో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే దొంగ పాలలో లేడు, ఇంట్లోనే ఉన్నాడని అర్థం. ఎంత పని ఒత్తిడి ఉన్నా ఆమె ఆ నీళ్ళు మానలేదు.

ఆ మంగళవారం జెల్‌ని లైటు పెట్టెలో పెట్టి, మూత మూసి, ఫోటో తెరమీద చూసేసరికి నీళ్ళ దారిలో ఒక గీత వెలుగుతోంది. లేతగానే, కానీ వెలుగుతోంది. అదీ ఎక్కడ? సరిగ్గా ఆవు గీత ఉండాల్సిన ఎత్తులో.

పరీక్షకు వచ్చినవి మూడు డబ్బాల మేకపాలు. మేకపాలు కొని పొడి చేసే ఒక పాల కంపెనీ పంపింది. అమ్మే ఆవిడ ఆవుపాలు కలుపుతోందని వాళ్ళ అనుమానం. మూడు డబ్బాల దారుల్లోనూ మేక గీత దీపంలా ఉంది. దాని వెనకాల ఆవు గీత కూడా ఉంది, నీళ్ళలో ఉన్నంత లేతగా.

పరీక్షశాల యజమానిని అందరూ పెద్దసారు అంటారు. అప్పటికే ఒకసారి తొంగిచూసి వెళ్ళిన ఆయన టీ కప్పుతో మళ్ళీ వచ్చి ఆమె భుజం మీదుగా తెరలోకి చూశాడు.

"మూడింట్లోనూ ఆవు పడింది కదమ్మా. ఇంకేం కావాలి?"

"నీళ్ళలో కూడా పడింది సార్."

"ఏదీ? అదా? లైటు మచ్చ అయ్యుంటుంది."

"మచ్చ వచ్చి సరిగ్గా ఆవు ఎత్తులోనే కూర్చుంటుందా సార్? మందుల్లోనే ఏదో కలిసింది. మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి."

పెద్దసారు ఒక గుక్క తాగాడు. "ఇందాక చూడగానే కంపెనీ వాళ్ళకి ఆవు తేలిందని ఫోన్లో చెప్పేశాను. రేపు రెండింటికి కాగితం వాళ్ళ చేతిలో ఉండాలి. అయినా ఆ నీళ్ళు అంచునే ఉన్నాయి కదా. ఫోటో అంచు కాస్త తగ్గించు. ఇదేమైనా కొత్తా?"

ఆ ఆఖరి మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. కొత్త కాదు మరి. పోయిన ఏడాది ఇంకో మేకలాయన పాలు వచ్చినప్పుడూ నీళ్ళ దారిలో ఇలాంటి మసకే కనిపించింది. అప్పుడూ ఇదే మాట అన్నాడు. ఆమె నీళ్ళు నమిలింది, అంచు తగ్గించింది, 'పరీక్ష చేసినవారు' అన్న చోట సంతకం పెట్టింది. ఆ తరవాత ఆయనేమయ్యాడో కనుక్కోలేదు. కనుక్కుంటే నిద్ర పట్టదని భయం.

"ఈసారి తగ్గించను సార్," అంది జెల్లక్క.

"అంటే?"

"సంతకం పెట్టను. పరీక్ష చేసింది నేను. నా సంతకం లేకుండా ఆ కాగితం మెట్లు దిగదు."

పెద్దసారుది మేకపోతు గాంభీర్యం. కళ్ళు పెద్దవి చేశాడు, కప్పు ఠపీమని బల్లమీద పెట్టాడు. "రేపు రెండు. సంతకమో, రాజీనామానో, ఏదో ఒకటి నా బల్లమీద ఉండాలి," అని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన గంటకే ఇనుప మెట్లు దడదడలాడాయి. పొట్టిగా, గట్టిగా, ఎండకు కమిలిన మొహంతో ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడింది. చీర కుచ్చిళ్ళకు ముళ్ళకాయలు అంటుకుని ఉన్నాయి. ఆ మూడు డబ్బాల మేకలమ్మ ఆవిడే.

"నా పాలలో ఆవు ఉందన్నది ఎవరు?" అని అడిగింది, లోపలున్న మిషన్లన్నిటినీ కలిపి.

"పరీక్ష చేసింది నేనే పెద్దమ్మా. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. ఇందాక నా డబ్బాలు దింపుకోలేదు వాళ్ళు. వెనక్కి తెచ్చుకున్నా. నా మేకపోతు ఆవుని కంటపడనిస్తుందా? కొమ్ములతో తరిమి తరిమి కొడుతుంది. అలాంటిది పాలలోకి ఆవు ఎలా దూరిందో నాకు చూపించు. ఊరికే చెప్పడం కాదు, చూపించు."

జెల్లక్కకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. స్టూలు లాగి వేసింది. పళ్ళెంలో ఇంకా ఉన్న జెల్‌ని తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ప్రతి ప్రాణి ఒంట్లోనూ డిఎన్ఏ అని సన్నటి దారం ఉంటుంది పెద్దమ్మా. పాలలోకీ కాస్త దిగుతుంది. ఆ దారంలో మేకకి ఒక చోటు, ఆవుకి ఒక చోటు గుర్తుపెట్టుకున్నాం. ఆ ముక్కల్ని మాత్రం మిషన్లో వేసి కోట్ల కాపీలు తీస్తాం. మేక ముక్క పొట్టిది, ఆవు ముక్క పొడుగుది. తీసినవన్నీ ఈ గుంటల్లో పోసి కరెంటు పెడతాం. ఈ ముక్కలది మైనస్ గుణం. అందుకని నల్ల వైరు దగ్గర పోస్తే ఎర్ర వైరు వైపు పరుగెడతాయి. మధ్యలో ఈ జెల్ అంతా కంటికి కనపడని కంతలే. వాటిలోంచి దూరి పోవాలి."

మేకలమ్మ జెల్‌ని వేలితో నొక్కి చూసింది. "ముళ్ళకంచె అన్నమాట. అవతల పచ్చికొమ్మ చూపిస్తే మంద మొత్తం ఎగబడుతుంది. పిల్లలు సందుల్లోంచి దూరి ముందుకు పోతాయి. పెద్దవి ఇరుక్కుని వెనకబడతాయి."

"అంతే! ముందున్నది మేక గీత, వెనకున్నది ఆవు గీత. నాకిది ఒంటబట్టడానికి ఏడాది పట్టింది."

"నీకు మేకల్లేవుగా," అంది మేకలమ్మ. "ఎంతసేపు వదులుతావు?"

"ముప్పావుగంట. మరీ వదిలేస్తే అన్నీ కంచె దాటి పోతాయి, ఇక ఏం మిగలదు."

తెరమీద ఫోటో చూపించింది. ఎడమ అంచున నిచ్చెన మెట్లలా గీతలు, కొలత కోసం. పక్కన, పోల్చుకోడానికి, తెలిసిన ఆవు పాలు. తరవాత మూడు డబ్బాలు. మేకలమ్మ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి ఆఖరిదాని దగ్గర ఆగింది.

"ఇదెవరిది?"

జెల్లక్క ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. ఆ ముసలావిడకు ఏం తెలుస్తుంది? కానీ మేకలమ్మ కళ్ళు ఆమెను వదల్లేదు.

"నీళ్ళు పెద్దమ్మా. వట్టి నీళ్ళు."

"నీళ్ళలో ఆవుందా?" మేకలమ్మ ఒక్క క్షణం నోరు తెరిచి, ఆపైన పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అయితే మీ నీళ్ళు కూడా నేనే పితికానా? ఇంట్లో ఆవుని పెట్టుకుని నా మీద పడతారేంటే తల్లీ!"

ఇంట్లో ఆవు. ఆ మాటకు జెల్లక్క లేచింది. మందుల ఫ్రిజ్ తలుపు మీద 'తినే వస్తువులు పెట్టరాదు' అని ఆమె చేతిరాతతోనే చీటీ ఉంది. తలుపు తీసింది. పై అరలో పెద్దసారు టీకి తెప్పించే ఆవుపాల ప్యాకెట్, మూల కత్తిరించి, పరీక్షశాల క్లిప్పే పెట్టి, గోడకు ఆనించి ఉంది. కత్తిరించిన మూలనుంచి తెల్లటి చార కిందికి కారి, కింది అరలో మందుల గొట్టాల పెట్టె మీద ఎండిపోయి ఉంది. పెట్టె మూత వేలితో గీకితే పొలుసులా లేచింది.

రెండేళ్ళుగా ఆ ప్యాకెట్లు అక్కడే ఉంటున్నాయి. మొదట్లో ఒకసారి అడిగింది. "ఇంకో ఫ్రిజ్ ఎక్కడ పెట్టను నీ తలమీదా?" అన్నాడు. ఊరుకుంది. ఊరుకోవడమేంటి, ఆ పాలతో కాచిన టీ తానూ తాగింది, రోజూ, నాలుగింటికి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ఎవరిమీద కోప్పడాలో తెలియక ఆమెకు తనమీదే ఒళ్ళు మండింది.

వెనకనుంచి మేకలమ్మ అంది, "పోయిన ఏడాది గట్టు అవతల మేకలాయన పాలు కూడా కల్తీవని ఇక్కడే తేలాయటగా?"

జెల్లక్క తిరగలేదు.

"పాలు ఎవరూ కొనలేదు. మేకల్ని అమ్ముకున్నాడు. సగం నేనే కొన్నా, ఇంకెవరికో పోతే కోసేస్తారని. ఇప్పుడు కింద టైర్ల కొట్లో గాలి కొడుతున్నాడు. నువ్వు చూసే ఉంటావు."

చూసే ఉంటుందా! పోయిన వారమే ఆమె స్కూటర్ వెనక టైరుకు గాలి కొట్టాడు. 'మేకు దిగిందమ్మా, నెమ్మదిగా పోండి' అని జాగ్రత్త కూడా చెప్పాడు.

ఆమె మేకలమ్మ వైపు తిరిగింది. "రేపు పొద్దున ఏడింటికి రండి పెద్దమ్మా. మీ పాలు మంచుపెట్టెలో ఇంకా ఉన్నాయి. సీలు తియ్యని మందులతో మొదటినుంచీ చేస్తాను, మీ ఎదుటే. కానీ ముందే చెబుతున్నా. ఆవు ఉంటే ఉందనే రాస్తాను. మొహమాటపడను."

"ఉంటే రాయి," అంది మేకలమ్మ. "లేకపోతే లేదని రాసే దమ్ముందా?"

సాయంత్రం ఇంట్లో అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని కోడలి మొహం చూసి, "ఏంటా మొహం, ఎవరితో పోట్లాట?" అంది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు స్కూలు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో గుడ్డ కత్తిరించింది. కొడుకు లారీ మీద వారంలో ఐదు రోజులు బయటే, కాబట్టి ఆ ఇంట్లో మాటలన్నీ అత్తాకోడళ్ళవే. జెల్లక్క అంతా చెప్పింది. పోయిన ఏడాది సంగతి కూడా చెప్పింది, అది ఇంతవరకు మొగుడికి కూడా చెప్పలేదు.

అత్తగారు చాటలో బియ్యం రాళ్ళు ఏరుతూనే అడిగింది, "అంచు ఎందుకు కత్తిరిస్తారే? అంచులో చినుగో మరకో ఉంటేనే. నేను కోసిన గుడ్డలో అంచు ముక్కలు చూస్తే చాలు, ఆ థాను సంగతి తెలిసిపోయేది."

"ఉద్యోగం పోతుంది అత్తయ్యా. పిల్ల చదువుంది."

"పోతే పోనీ. నా కళ్ళు ఇంకా కనబడుతున్నాయి, కాళ్ళు ఇంకా మిషను తొక్కుతాయి." చాట పక్కన పెట్టింది. "చేసిన తప్పు దాచుకుని తింటే అన్నం అరగదు. ముందు తిను, రేపు పోట్లాడు."

మర్నాడు ఏడింటికి జెల్లక్క మొదట చేసిన పని పాల ప్యాకెట్ తీసి చెత్తబుట్టలో పారెయ్యడం. తరవాత బల్ల, చుక్కలు కొలిచి పోసే పిపెట్లు, గొట్టాల స్టాండు, అన్నీ బ్లీచింగ్ నీళ్ళతో తుడిచింది. వచ్చే నెలకని దాచిన మందుల పెట్టె సీలు మేకలమ్మ చేతే విప్పించింది. పాలలోంచి డిఎన్ఏ తీయడం, మిషన్లో కాపీలు పెట్టడం, మధ్యాహ్నం దాకా సాగింది. మేకలమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కదలకుండా కూర్చుంది. "మేక ఈనేటప్పుడు కూడా ఇంతసేపు కూర్చోను," అని ఒక్కసారి మాత్రం అంది.

జెల్ గడ్డకట్టింది. దువ్వెన లాగింది. ఒక్క గుంటా చిరగలేదు. పిపెట్ చేతిలోకి తీసుకున్నాక జెల్లక్క ఆగింది. పదకొండేళ్ళుగా నీళ్ళు ఆఖరి గుంటలోనే పోస్తోంది. అలా అని ఏ పుస్తకంలోనూ రాసిలేదు, అలవాటు. అంచున ఉంది కాబట్టే కత్తెరకు అందింది.

ఆమె కొలత నిచ్చెన పోసి, దాని పక్కన మొదటి డబ్బా పోసింది. రెండో డబ్బా పోసింది. వాటి పక్కన, నట్టనడుమ, నీళ్ళు పోసింది. ఆ తరవాతే మూడో డబ్బా, తెలిసిన ఆవు. మూత పెట్టి స్విచ్ వేసింది. రెండు కొసల్లోనూ తీగల వెంట సన్నటి బుడగలు లేచాయి. గుర్తు కోసం కలిపిన నీలం రంగు చుక్కలు వరసగా ఎర్ర వైరు వైపు బయల్దేరాయి.

పెద్దసారు ఒంటిగంటన్నరకు వచ్చాడు. స్టూలు మీద మేకలమ్మను చూసి, "ఈవిడెవరు? ఎవరు రానిచ్చారు?" అన్నాడు.

"మూడు డబ్బాలు," అంది మేకలమ్మ, అదే తన పేరైనట్టు.

"సంతకం ఏదమ్మా?"

"వస్తోంది సార్. ఇంకో పది నిమిషాలు."

"నేను నిన్ను మళ్ళీ చెయ్యమన్నానా? ఆ మందులు ఎవరినడిగి తీశావు? ఆపు ముందు!" ఆయన చెయ్యి స్విచ్ దాకా పోయింది.

జెల్లక్క మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఆపండి సార్. ఆపి, ఎందుకు ఆపారో కంపెనీకి మీరే రాయండి. టీ పాలు మందుల మీద కారాయని కూడా రాయండి. ఆ పెట్టె అలాగే ఉంచాను, తుడవలేదు."

ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తరవాత మెల్లగా దిగింది.

లైటు పెట్టె మూత పడింది. ముగ్గురూ తెరవైపు వంగారు. నిచ్చెన. మొదటి డబ్బాలో ఒకటే గీత, మేకది. రెండోదానిలో ఒకటే గీత. నడుమ నీళ్ళ దారి నల్లగా, ఏమీ లేకుండా ఉంది. దాని అవతల మూడో డబ్బా, ఒకటే గీత. చివర ఆవు, ఒంటరిగా, వెనకెక్కడో.

"తెల్లనివన్నీ పాలే అనుకుంటే ఇలాగే ఉంటుంది," అంది మేకలమ్మ. ఎవర్ని అందో ఆవిడ చెప్పలేదు.

పెద్దసారు ఫోటో వైపు తదేకంగా చూశాడు. "నీళ్ళు మధ్యలో పోశావేంటి?"

"ఇకనుంచీ అక్కడే పోస్తాను. కొయ్యాలంటే మూడో డబ్బా కూడా పోతుంది. నడిమి ముక్క తీసి అతికిస్తే అతుకు కనిపిస్తుంది."

ఆమె కాగితం మీద సంతకం పెట్టి ఆయన బల్లమీద ఉంచింది. దాని పక్కన ఇంకో కాగితం పెట్టింది. అందులో పోయిన ఏడాది ఫోటో, అంచుతో సహా. కంపెనీకి పోయిన ఫోటో అంచు తగ్గింది గాని, ఆమె నోటు పుస్తకంలో అంటించింది మాత్రం నిండుగానే ఉంది. కింద రాసింది: ఈ పరీక్ష చెల్లదు. నీళ్ళలో కూడా ఆవు గీత వచ్చింది. తెలిసీ అంచు తగ్గించి సంతకం పెట్టింది నేనే. తగ్గించమని చెప్పింది పెద్దసారు.

"మతి పోయిందా? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు! రేపటినుంచి రానక్కర్లేదు!"

"తీసెయ్యాలంటే కాగితం మీద తీసెయ్యండి సార్, కారణం రాసి. అప్పటిదాకా తొమ్మిదింటికి వస్తాను. జెల్ పొయ్యాలి."

రెండో కాగితానికి ఆమె దగ్గర ఇంకో ప్రతి ఉంది. అది పట్టుకుని మెట్లు దిగింది. మేకలమ్మ వెనకే దిగింది.

టైర్ల కొట్లో ఆయన ఒక ట్యూబును తొట్టి నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. జెల్లక్క కాగితం ముందుకు చాపింది. చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. చదివాడు, మళ్ళీ చదివాడు. నల్లటి గోరుతో ఫోటో అంచును తాకాడు.

"ఇదేంటి?"

"నీళ్ళు. ఇందులో ఆవు ఉండకూడదు. ఉంది. అంటే మీ పాలలో ఉందని చెప్పడానికి నాకు హక్కు లేదు."

"ఇన్నాళ్ళూ ఇది ఎక్కడుంది?"

"నా పుస్తకంలో."

ఆయన ఏడాదిగా చూస్తున్న ఆ మొహం వంక అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆమె తల దించుకోలేదు. దించుకుంటే ఆయన తిట్టాలనుకున్నది తిట్టలేడని అలాగే నిలబడింది. కానీ ఆయన తిట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మీ సారు ఎన్నింటిదాకా ఉంటాడు?"

"టీ తాగేదాకా. ఇవాళ పాలు కూడా లేవు, కాబట్టి చిరాకుగా ఉంటాడు."

"ఉండనీ," అన్నాడాయన. ట్యూబును తొట్టిలోనే వదిలేసి చెప్పులు వేసుకున్నాడు.

ముందు మేకలమ్మ ఎక్కింది. తరవాత ఆయన. జెల్లక్క ఆఖర్న ఎక్కబోయింది. ఆయన పక్కకు జరిగి, "నువ్వు మధ్యలో నడువు," అన్నాడు.